దయ ఆగింది, పని ఆగలేదు

నేను చెప్పులు చేసేవాణ్ని. అరికాలిలో స్పర్శ పోయినవాళ్ల కోసం మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరుతో చేసే చెప్పులు. చిన్న వయసులో వీపు మీద తిమ్మిరి మచ్చతో ఉత్తరాంధ్రలో ఒక కుష్ఠు ఆసుపత్రికి చేరాను. అప్పుడున్న మందల్లా డాప్సోన్ బిళ్ల ఒక్కటే. 1980లలో మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం వచ్చాక జబ్బు పూర్తిగా నయమైంది గానీ, అంతకుముందే ఎడమ చేతి రెండు వేళ్లు ముడుచుకుపోయాయి. ఆ చేత్తోనే చెప్పుల షెడ్డులో పని నేర్చుకున్నాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని చదివించాను. ఉద్యోగం అయిపోయాక కాలనీ సంఘం పెద్దరికం నా నెత్తిన పడింది.

కరోనా కాలమంతా ఆ పెద్దరికంలోనే గడిచింది. మా కాలనీలోనూ, తెలిసిన మరికొన్ని కాలనీల్లోనూ ఎవరింట పొయ్యి వెలిగిందో, ఎవరింట ఆరిందో దగ్గరనుంచి చూశాను. చూసిన మీదట ఒక సంగతి గట్టిగా తేలింది. దయ మీద వచ్చే కూడు అన్నిటికంటే ముందు ఆగింది. చుట్టూ ఉన్న ఊళ్లతో ఇచ్చిపుచ్చుకోవడం మీద వచ్చే కూడు కొన్నాళ్లు తడబడి మళ్లీ వచ్చింది. కాలనీ సంఘాల్లోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు, మావాళ్లకు పని చూపించాలనుకునే పెద్దమనుషులు ఆ రోజుల్లో ఏం నేర్చుకున్నారని అడుగుతూ వచ్చారు. వాళ్ల కోసం ఇది.

1. అడుక్కునే బతుకు మొదటి రోజునే ఆగింది

దేశంలో కుష్ఠు కాలనీలు ఏడు వందలకు పైగా ఉన్నాయి. చాలావాటిలో ముసలివాళ్లకు ఇప్పటికీ గుడి మెట్లే ఆధారం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి గుళ్లు మూశారు, రైళ్లు ఆపారు. సింహాచలం కొండ దగ్గర, విశాఖ స్టేషన్ బయట కూర్చునే మావాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. రాలేనివాళ్లు అక్కడే చిక్కుకున్నారు. పింఛను ఆగలేదు. మనిషికి ఐదు కిలోల బియ్యం అదనంగా ఉచితంగా వచ్చాయి. పింఛనుదారులకు కేంద్రం రెండు విడతల్లో వెయ్యి రూపాయలు ప్రకటించింది. ఆకలి తీర్చిన సాయాన్ని నేను తక్కువ చేయను. కానీ పప్పు, నూనె, పుండుకు కట్టుగుడ్డ, మనవడి పాలడబ్బా, ఇవన్నీ గుడి మెట్ల చిల్లరతో నడిచేవి. అవి నిలిచిపోయాయి.

మొదట్లో దాతలు బాగానే వచ్చారు. బియ్యం సంచులు, కూరగాయలు, ఫొటోలు. నెల తిరిగేసరికి వాళ్ల కష్టాలు వాళ్లను చుట్టుముట్టాయి. వాళ్లను తప్పుపట్టలేం, దుకాణం మూతపడ్డ మనిషి ఎన్నాళ్లు పెడతాడు? కొవ్వొత్తులు, గ్రీటింగ్ కార్డులు చేసి ఎగ్జిబిషన్లలో అమ్మే కాలనీల పరిస్థితీ ఇంతే అయింది. ఆ వస్తువులు కొనేవాళ్లు అవసరం ఉండి కొనేవాళ్లు కారు, మా మీద జాలితో కొనేవాళ్లు. ఎగ్జిబిషన్లు లేకపోతే జాలికీ దారి లేదు.

మా కాలనీలో ఒకామెకు గేదెలున్నాయి. ఏళ్ల తరబడి పక్క ఊళ్లో వాడుకగా పాలు పోసేది. ఏప్రిల్ మొదట్లో ఊరివాళ్లు మా దారికి అడ్డంగా ముళ్లకంప వేశారు. అప్పుడు ఊళ్లన్నీ ఒకరికొకరు కంపలు వేసుకున్నవే, కానీ మా దారికే ముందు పడిందని మాకు తెలుసు. "ఇప్పుడు మీ కాలనీ పాలు ఒద్దమ్మా" అన్నారు. ఆమె ఏడవలేదు. పాలు తోడుపెట్టి, నెయ్యి కాచి దాచింది. కొన్ని వారాలకు పట్నం నుంచి పాల పాకెట్లు సరిగా రాక, ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లు కంప పక్కకు లాగి చెంబులతో వచ్చారు. ఆమె దగ్గర పాత ఖాతా పుస్తకం ఉంది. అందులో ఊరివాళ్లు ఆమెకు ఇవ్వాల్సింది ఉంది, గడ్డి తాలూకు ఆమె ఊరివాళ్లకు ఇవ్వాల్సిందీ ఉంది. ఇన్నేళ్ల మా అవగాహన సభలు చేర్చలేని చోటికి ఆ ఖాతా ఆమెను తీసుకెళ్లింది.

కొత్త సంఘాలవాళ్లకు నేను చెప్పేది, లోను తీసుకునే ముందు పక్క ఊళ్లకు వెళ్లి చూడండి. అక్కడ సైకిలుకు పంచరు వేసేవాడు లేడా? కోళ్లకు గిరాకీ ఉందా? జాకెట్టు కుట్టించుకోవాలంటే ఆడవాళ్లు మండలకేంద్రానికి పోతున్నారా? వాళ్లకు కావలసింది మన దగ్గర ఉండాలి.

2. చెయ్యి కాపాడుకోవడం పనిలో భాగం

టీవీలో రోజంతా చేతులు కడుక్కోమన్నారు, శానిటైజర్ రాసుకోమన్నారు. అందరికీ మంచి మాటే. కానీ నరం దెబ్బతిన్న చేతికి చెమట పట్టదు, చర్మం ఎప్పుడూ పొడిగా ఉంటుంది. దానిమీద రోజుకు పదిసార్లు స్పిరిటు రాస్తే పగుళ్లు వస్తాయి. నొప్పి తెలియదు కాబట్టి పగులు లోతుకు దిగేదాకా చూసుకోరు. చూసుకునేసరికి చీము. వేణ్నీళ్లు మంచివని ఎవరో చెప్పగా పొగలు కక్కే నీళ్లలో చేతులు పెట్టి కాల్చుకున్నవాళ్లనూ చూశాను.

మేం చేసింది చాలా మామూలు పని. సబ్బుతో కడిగాక చన్నీళ్లలో కాసేపు చేతులు నానబెట్టడం, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనో, ఆముదమో రాయడం. ఇది ఆసుపత్రిలో ఎప్పటినుంచో నేర్పే పద్ధతే. నీళ్ల వేడి చూడాలంటే మోచేయి పెట్టి చూడాలి, లేదా స్పర్శ ఉన్న ఇంకో మనిషి చెయ్యి పెట్టాలి.

మాస్కు సంగతి ఎవరికీ తట్టలేదు. వంకరపోయిన వేళ్లతో తల వెనక తాళ్లు ముడివేయడం అయ్యే పని కాదు. చెవులకు తగిలించుకునే రబ్బరు పట్టీల మాస్కే కావాలి. రెప్ప సరిగా మూతపడని కన్ను ఉన్నవాళ్లకు మరో చిక్కు. మాస్కు పైఅంచు వదులుగా ఉంటే ఊపిరి నేరుగా కంట్లోకి కొట్టి కన్ను ఎండిపోతుంది. ముక్కు మీద అంచు బిగుతుగా ఆనేలా సన్నటి తీగ పెట్టి కుట్టించాం.

3. రెండు నెలల ఆలస్యం ఒక మేస్త్రి చేతిని తీసుకుపోయింది

ఇది చెప్పేటప్పుడు నా గొంతు ఇప్పటికీ పట్టేస్తుంది. పక్క మండలంలో ఒక తాపీమేస్త్రి ఉండేవాడు. ముప్పై దాటని మనిషి. కుష్ఠు మందుల కోర్సు మధ్యలో ఉన్నాడు. ఏప్రిల్ నెలలో మోచేతి దగ్గర నరం వాచి, చిటికెన వేలు, ఉంగరపు వేలు బలం తగ్గడం మొదలైంది. మావాళ్లు రియాక్షన్ అంటారు దాన్ని. చచ్చిన క్రిముల మీదే ఒంట్లో పోరు జరిగి ఆ పోరులో నరం నలిగిపోతుంది. వెంటనే ప్రెడ్నిసొలోన్ మొదలుపెడితే చాలామందికి నరం తేరుకుంటుంది. ఆరు నెలలు దాటిందంటే ఇక ఆశ చాలా తక్కువ. అతనికి బస్సు లేదు. ఊళ్లో ఆటోవాడు భయపడ్డాడు. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నవాళ్లందరూ కరోనా పనిలో ఉన్నారు, నెల మాత్రలు ఇవ్వగలిగారు గానీ చెయ్యి పరీక్ష చేసే తీరిక ఎవరికీ లేదు. సరైన చోటికి చేరేసరికి రెండు నెలలు గడిచి, తాపీ జారిపోయే చెయ్యి అయింది. అరచేతిలో తాపీ నిలవని మనిషిని ఏ కాంట్రాక్టరు పిలుస్తాడు?

ఈ ఒక్క మనిషి వెనక పెద్ద లెక్క ఉంది. 2019లో మన దేశంలో కొత్తగా గుర్తించిన కుష్ఠు కేసులు 1,14,451. 2020లో 65,147. జబ్బు ఒక్క ఏడాదిలో దాదాపు సగానికి తగ్గిందని సంతోషించేవాళ్లు ఉండవచ్చు. జబ్బు తగ్గలేదు, వెతకడం ఆగింది. ఇంటింటికీ తిరిగి మచ్చలు చూసే ఆశా కార్యకర్తలు జ్వరాలు చూస్తున్నారు. 2022కి ఆ అంకె మళ్లీ లక్ష దాటింది. మధ్యలో దొరకకుండా మిగిలినవాళ్లలో కూలీలు, డ్రైవర్లు, కుట్టుపనివాళ్లు, వంటమనుషులు ఎంతమంది ఉంటారో ఆలోచించండి. మందు ఆలస్యమైతే పోయేది వేళ్ల బలం, దానితో పాటు పోయేది ఉద్యోగం. అందుకే ఉపాధి గురించి మాట్లాడేవాళ్లంతా ముందు మందు గురించీ, నరం పరీక్ష గురించీ మాట్లాడాలని నేను పట్టుబడతాను.

కరోనా రెండో అల వచ్చేనాటికి మేం కొంత తయారుగా ఉన్నాం. కాలనీలో, చుట్టుపక్కల ఊళ్లలో మందులు వాడుతున్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు సంఘం దగ్గర పెట్టుకున్నాం, వాళ్ల అనుమతితోనే. ప్రతి వారం ఎవరో ఒకరు ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడగాలి. చొక్కా బొత్తాం పెట్టుకోగలుగుతున్నావా? కాలి చెప్పు నీకు తెలియకుండా జారిపోతోందా? కన్ను మూసినప్పుడు పూర్తిగా మూతపడుతోందా? దేనికైనా తేడాగా జవాబొస్తే ఆసుపత్రికి ఫోన్ చేయాలి, బండి మేం చూడాలి. మేస్త్రికి తర్వాత స్నాయువు మార్చే ఆపరేషన్ అయింది. అరవైయేళ్లకు పైబడి వెల్లూరు, కరిగిరి వైపు నుంచి మనకు అందిన విద్య అది, డాక్టర్ పాల్ బ్రాండ్ అక్కడ మొదలుపెట్టింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ప్రభుత్వం అప్పట్లో 8,000 రూపాయలు ఇచ్చేది. కట్టు, ఆ తర్వాత వ్యాయామం, అన్నీ కలిపి నెలల తరబడి కూలి పోతుంది, ఆ డబ్బు ఏ మూలకు? అతనిప్పుడు టైల్స్ కొలతలు, సైటు లెక్కలు చూస్తున్నాడు. తాపీ పట్టడం లేదు.

4. వేలిముద్ర పడనివాడికి ఇంకో దారి ముందే అడిగి పెట్టుకోవాలి

రేషను మిషనుకు వేలు కావాలి. బ్యాంకుకు వేలు కావాలి. వేలే లేనివాడు, ఉన్నా గీతలు అరిగిపోయినవాడు ఏం చేయాలి? ఆధార్‌లో కంటిపాప ఉంది, అదీ కుదరనివాళ్లకు మినహాయింపు ఉంది. ఇది కాగితం మీద ఎప్పటినుంచో ఉన్న మాట. కానీ డీలరుకు తెలియదు, బ్యాంకు మిత్రకు తెలియదు, తెలిసినా మిషను ఎర్రలైటు వేస్తే వాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు. కరోనాలో అరుగు మీద గంటలు నిలబడి, చివరికి మిషను ఒప్పుకోక ఖాళీ సంచితో వచ్చిన ముసలాయనకు కోపం రాలేదు, అలవాటైపోయింది. ఆ అలవాటే నాకు కోపం తెప్పించింది.

పని దొరికినా ఇదే గొడవ. కూలి బ్యాంకులో పడుతుంది, తీసుకోవడానికి వేలిముద్ర. కొన్నిచోట్ల హాజరుకూ వేలిముద్ర. కాబట్టి కాలనీలో ప్రతివాళ్లకూ కంటిపాప నమోదు అయిందా, రేషను కార్డులో నామినీ పేరు ఉందా, బ్యాంకులో ఏటీఎం కార్డు ఉందా అని చూసుకోవాల్సింది సంఘమే. ఆపద వచ్చాక గ్రామ సచివాలయం మెట్లెక్కితే ఆ రోజు సర్వరు పనిచేయదు.

5. సంఘంలో పేరు ఉన్నవాళ్లకే మాస్కుల పని

2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున గుడ్డ మాస్కులు పంచాలనుకుంది. మొత్తం 16 కోట్లు కుట్టించాలని లెక్క, ఆ పని డ్వాక్రా మహిళలకు ఇచ్చింది. అంత కష్టకాలంలో కుట్టుమిషన్ ఉన్న ప్రతి ఆడమనిషికీ చేతినిండా పని. మా కాలనీలో మంచి కుట్టుపనివాళ్లున్నారు. విజయనగరంలో లెప్రసీ మిషన్ వాళ్ల వృత్తి శిక్షణ కేంద్రంలో నేర్చుకొచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్ల పొదుపు సంఘం కాలనీ లోపల విడిగా ఎప్పుడో పెట్టి, ఎప్పుడో ఆగిపోయింది. ఊరి సంఘాల్లో పేర్లు లేవు. గుడ్డ మా దాకా రాలేదు.

అడగడానికి వెళ్తే ఊరి సంఘంలో ఒకరు లోగొంతుకతో అన్నారు, "వాళ్లు కుట్టిన మాస్కు మూతికి కట్టుకోమంటే ఎవరు కట్టుకుంటారండీ?" కుష్ఠు వ్యాపించేది మందు వేసుకోని మనిషితో చాలాకాలం దగ్గరగా మసిలినప్పుడు, అదీ ముక్కు నుంచి వచ్చే తుంపరల వల్ల. నూటికి 95 మందికి దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే మనిషి నుంచి అంటుకునే పని ఉండదు. గుడ్డ మీద కూర్చుని అంటుకునే జబ్బు కాదిది. ఇవన్నీ ఆ మనిషికి చెప్పాను. విన్నారు, తలాడించారు, గుడ్డ మాత్రం ఇవ్వలేదు. వినడం వేరు, ఇవ్వడం వేరు.

దారి దొరికింది ఆ మనిషి నుంచి కాదు, గ్రామసంఘం అధ్యక్షురాలి నుంచి. ఆమె కూతురి జాకెట్లు కుట్టేది మా కాలనీ అమ్మాయే. "ఆ పిల్ల కుడితే కొలత తప్పదు, నా వాటా గుడ్డలో సగం ఆమెకే ఇస్తాను" అని తెచ్చి ఇచ్చింది. ఆ ఏడాది చివరికి మా ఆడవాళ్లు విడివిడిగా ఊరి సంఘాల్లో చేరారు. కాలనీకంటూ వేరే సంఘం మళ్లీ పెడదామని మంచి మనసుతో వచ్చిన సంస్థను నేను వద్దన్నాను. దీనిమీద నాతో ఒప్పుకోనివాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. మనవాళ్లే ఉంటే మాట పడక్కర్లేదని వాళ్ల వాదన. అందులో నిజం ఉంది. కానీ పని వచ్చేది ఎక్కడికో అక్కడే మన పేరు ఉండాలి.

6. పనిముట్టు మార్చితే మనిషిని మార్చక్కర్లేదు

తొక్కుడు మిషను స్పర్శలేని పాదానికి మంచిది కాదు. రోజంతా ఒకేచోట ఒత్తిడి పడి అరికాలు పుండు పడుతుంది. మోటారు బిగిస్తే ఆ గొడవ ఉండదు. పార పిడికి సైకిల్ ట్యూబు చుట్టాలి, కత్తెర వేలిరింగులు పెద్దవి చేయించాలి, గిన్నెలకు చెక్క పిడులు ఉండాలి, సూదిలో దారం ఎక్కించే చిన్న పరికరం కొనుక్కోవాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

ఉపాధి హామీ పనిలో కూడా ఇదే. 2020 వేసవిలో పట్నాల నుంచి జనమంతా ఊళ్లకు చేరాక అందరికీ ఆ పనే దిక్కయింది. అప్పుడు రోజుకూలి 237 రూపాయలు. వికలాంగులకు శ్రమశక్తి సంఘాలున్నాయి, తక్కువ కొలతకు పూర్తి కూలి ఇస్తారు. నీళ్లు అందించడం, పసిపిల్లల్ని చూసుకోవడం లాంటి పనులూ ఉన్నాయి. మేటును ముందే అడగాలి. గట్టి నేలలో గునపం వేయించుకుని సాయంత్రానికి అరచేతిలో బొబ్బ చూసుకుంటే, ఆ పుండు మానేదాకా పోయే కూలి మేటు ఇవ్వడు.

7. చెప్పు చూసి గుర్తుపట్టకూడదు

ఇది నా సొంత విద్య, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను, ఓర్చుకోండి.

ఎం.సి.ఆర్. షీటు బొటనవేలితో నొక్కితే దిగాలి, వదిలితే లేవాలి. కింద అరగని గట్టి సోలు ఉండాలి, ముల్లు దిగకూడదు. పాత రోజుల్లో టైరు ముక్కలే వాడేవాళ్లం. మేకు ఒక్కటి కూడా కొట్టకూడదు, అంతా గమ్ము, కుట్టు. మడమకు పట్టీ తప్పనిసరి, స్పర్శలేని కాలికి చెప్పు జారినా తెలియదు కాబట్టి. వేళ్ల మధ్య పట్టీ ఉండకూడదు. బకిల్ బదులు వెల్‌క్రో ఉంటే వంకర వేళ్లతోనూ పెట్టుకోవచ్చు. కొత్త జత మొదటిరోజు ఒక గంట వేసుకుని, విప్పి, పాదం మీద ఎర్రబారిన చోటు ఉందేమో చూడాలి.

ఇంత శ్రద్ధగా చేసిన చెప్పును మావాళ్లు గూట్లో పెట్టి, ఉత్తకాళ్లతో పనికి పోయేవారు. ఎందుకంటే దేశమంతా ఒకే నమూనా, ఒకే రంగు. బస్సులో ఆ చెప్పు చూడగానే పక్కమనిషి లేచి వెళ్లిపోయేవాడు. పనిచ్చే షావుకారు ముందు చూసేది కాళ్లవంకే. డాక్టర్లు వీళ్లకు శ్రద్ధ లేదని రాసుకునేవారు. బజారు చెప్పు లాంటి పైభాగం, లోపల మా రబ్బరు, రంగు వాళ్లు కోరింది, ఈ మూడు మార్చాక గూట్లో చెప్పులు కాళ్లకొచ్చాయి. లాక్‌డౌన్ సడలించాక పనికోసం తిరగాల్సిన రోజుల్లో దీని విలువ బాగా తెలిసింది. గుర్తు లేని చెప్పుతో గేటు దాటినవాడికి కనీసం తన పని చూపించే అవకాశం దొరికింది.

8. టీకా క్యూ

2021 ఏప్రిల్ 1 నుంచి 45 దాటినవాళ్లకు టీకా వేశారు. కాలనీకే వచ్చి వేస్తామని ఆరోగ్య కేంద్రంవాళ్లు అన్నారు. కాలు తీసేసినవాళ్లకు, నడవలేని ముసలివాళ్లకు అలాగే వేయించాం. నడవగలిగినవాళ్లు మాత్రం అందరితో పాటు క్యూలో నిలబడాలని నేను అడిగాను. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. ప్రాణభయం ముందు మా వేళ్లు చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

9. కాగితాలు

కొత్త కుర్రాళ్లకు చట్టం మీద నమ్మకం తక్కువ. నాకు ఎక్కువే, ఎందుకంటే లేనప్పటి రోజులు చూశాను. మమ్మల్ని పట్టుకుపోయి ఆశ్రమాల్లో పెట్టవచ్చని చెప్పే 1898 నాటి చట్టాన్ని కేంద్రం 2016లోగానీ రద్దు చేయలేదు. కుష్ఠు ఉందని విడాకులు ఇచ్చే వీలును ఐదు చట్టాల నుంచి 2019లో తీసేశారు. మా ఇళ్లలో ఎందరు ఆడబిడ్డలు ఆ ఒక్క మాటతో పుట్టింటికి వచ్చారో నేను చెప్పలేను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కుష్ఠు నయమైనవాళ్ల పేరు విడిగా ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్‌లో ఒక శాతం వచ్చే వర్గంలో మనమూ ఉన్నాం. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ మనిషిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు.

వీటన్నిటికీ తాళంచెవి సదరం సర్టిఫికెట్. రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. కరోనాలో సదరం క్యాంపులు ఆగిపోయి, కాగితం లేనివాళ్లు అలాగే ఉండిపోయారు. కాబట్టి చెయ్యి వంకరపోయిన ఏడాదే క్యాంపుకు తీసుకెళ్లండి. సిగ్గుపడి వాయిదా వేయనివ్వకండి.

10. పిల్లల చిరునామా

హైదరాబాద్‌లో, విశాఖలో ఉద్యోగాలు చేసుకునే మా పిల్లలు 2020లో ఉద్యోగాలు పోయి ఇంటికి వచ్చారు. ఒంటి మీద మచ్చ లేని పిల్లలు. ఆధార్ కార్డులో మాత్రం కాలనీ పేరుంది. మళ్లీ ఉద్యోగాలు తెరిచినప్పుడు ఇంటర్వ్యూలో ఆ పేరు దగ్గరే చూపు ఆగింది. కార్డులో ఆ పేరు మార్పించమని కొందరు, ఎందుకు మార్చాలని కొందరు. నా మనవరాలు మార్చనంది. నేను మార్చమన్నాను. ఇరవయ్యేళ్ల పిల్లకు జీతం కావాలి, మా పోరాటం బరువు ఆమె నెత్తిన పెట్టే హక్కు నాకు లేదనుకున్నాను. ఆమె ఇప్పటికీ మార్చలేదు. నర్సింగ్ పూర్తిచేసింది, రెండో అలలో కోవిడ్ వార్డులో డ్యూటీ చేసింది. కాలనీ పేరుతోనే జీతం అందుకుంటోంది.

11. పని ఇచ్చేవాళ్లకు

సానుభూతి ఉద్యోగం ఇవ్వకండి. గేటు దగ్గర కూర్చోబెట్టి జీతమిస్తే ఆ మనిషి మొదటి నష్టం వచ్చినప్పుడు మొదట పోతాడు. కరోనాలో అలా పోయినవాళ్లను చూశాను. ఏ పని అవుతుందో అడగండి, ఒక వారం చేయనివ్వండి. పాదాలు చూసుకోవడానికి మధ్యాహ్నం పది నిమిషాలు ఇవ్వండి. ఆసుపత్రి రోజున జీతం కోయకండి. తోటి పనివాళ్లకు ముందే చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషినే తేల్చుకోనివ్వండి.

12. షుగరువాళ్లు మా షెడ్డుకు వచ్చారు

మొదటి అల తగ్గాక ఊరి పెద్ద రైతు ఒకాయన కాలికి పుండుతో మా కాలనీ చెప్పుల షెడ్డుకు వచ్చాడు. షుగరు వ్యాధిలోనూ అరికాలి స్పర్శ పోతుంది, పుండు పడుతుంది, మాకు జరిగినట్టే. లాక్‌డౌన్‌లో ఆసుపత్రులకు పోలేక చాలామందికి అది ముదిరింది. పట్నంలో డాక్టరు రాసిచ్చిన చెప్పు అదే ఎం.సి.ఆర్. "ఏటి బాబూ, మీ దగ్గర దొరుకుతాదంట గదా" అని అడిగాడు. నా ముందు బల్ల మీద కూర్చుని కాలు చాపాడు. ఒకప్పుడు మా బావి నీళ్లు తాగని ఇల్లు అది.

తర్వాత అతని బంధువులు, తర్వాత వేరే ఊళ్లు. ఇప్పుడు షెడ్డులో చేసే చెప్పుల్లో ఎక్కువ భాగం షుగరువాళ్లవే. ప్రభుత్వం మావాళ్లకు ఉచితంగా ఇచ్చే జతల ఆర్డరు ఆలస్యమైనా షెడ్డు మూతపడదు. ఇద్దరు పని నేర్చుకుంటున్నారు. ఒకమ్మాయి కాలనీ పిల్ల, ఒక కుర్రాడు పక్క ఊరివాడు, హైదరాబాద్‌లో షోరూం ఉద్యోగం పోయి వచ్చినవాడు. ఇద్దరికీ ఒకే కూలి. రబ్బరు షీటు ధర పెరిగింది, మంచి షీటు దొరకడమూ కష్టంగా ఉంది, దానికోసం నాలుగైదు కాలనీల షెడ్లు కలిసి ఒకేసారి తెప్పించుకుంటే బాగుంటుందని మాట్లాడుకుంటున్నాం.

దూరం నుంచి ఆర్డరు ఇచ్చేవాళ్లు పాదం కొలత కాగితం మీద గీసి పంపుతున్నారు. కూర్చుని గీయకండి. రెండు కాళ్ల మీదా బరువు సమానంగా వేసి నిలబడి, పెన్సిలు నిటారుగా పట్టి ఇంకొకరితో గీయించండి, సాయంత్రం పూట. అప్పటికి పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది, చెప్పు ఆ కొలతకే చేయాలి. పుండు ఉన్నా, పాత మచ్చ ఉన్నా ఆ చోట ఒక గుండ్రం చుట్టండి.